గాజు పలక వెనక కేబుళ్ల వరుస: స్లీవ్డ్ ఎక్స్‌టెన్షన్ సెట్టుపై సమీక్ష

పక్కన గాజు పలక ఉన్న కంప్యూటరు క్యాబినెట్‌లో ఎంత మంచి భాగాలు బిగించినా, చూపు ముందుగా పడేది ఎస్‌ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె) నుంచి వచ్చే పసుపు, ఎరుపు, నారింజ, నలుపు తీగల గుబురు మీదనే. విజయనగరంలో నేను అడిగిన దుకాణాల్లో ఇందుకు తగిన కేబుళ్లు లేకపోవడంతో, అల్లిక తొడుగు వేసిన ఎక్స్‌టెన్షన్ సెట్టును ఆన్‌లైన్‌లో తెప్పించి ఇంటి కంప్యూటరుకు అమర్చాను.

మదర్‌బోర్డుకు 24 పిన్నులది, ప్రాసెసరుకు 4+4 పిన్నులది, గ్రాఫిక్స్ కార్డుకు 6+2 పిన్నులవి రెండు ఇందులో ఉన్నాయి. ఒక్కొక్కటి 30 సెంటీమీటర్ల పొడవు. తీగ 18 గేజిది. ఇది సన్నమేమో అన్న సందేహం అక్కరలేదు: 8 పిన్నుల గ్రాఫిక్స్ కనెక్టరుకు నిర్దేశించిన పరిమితి 150 వాట్లు, అంటే 12 వోల్టుల వద్ద 12.5 ఆంపియర్లు, అది మూడు తీగలకు పంచుకుంటుంది కనుక ఒక్కో తీగ మీద పడే భారం సుమారు 4 ఆంపియర్లే. నిజంగా చూడవలసింది కొత్తగా చేరిన అతుకును. కనెక్టరు క్లిప్పు పడేదాకా పూర్తిగా కూర్చోకపోతే అక్కడే వేడి పుడుతుంది. ఈ సెట్టులో పిన్నులు బిగువుగా కూర్చున్నాయి.

మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడివచ్చే) ఎస్‌ఎంపీఎస్ ఉన్నవారు కేబుళ్లను మొత్తంగా మార్చేసే సెట్ల వైపు మొగ్గుతారు. చూడడానికి అవే అందమైనవి, కానీ ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు. ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా అది మారవచ్చు, తప్పు కేబులు పెడితే హార్డ్ డిస్కులు, మదర్‌బోర్డు కాలిపోవచ్చు. ఎక్స్‌టెన్షన్లు తగిలేది పాత కేబుళ్ల ప్రమాణబద్ధమైన రెండో చివరకు కనుక, సాధారణ గృహ వినియోగదారుకు నేను వీటినే సిఫారసు చేస్తాను. అయితే ప్రాసెసరు కేబులును, గ్రాఫిక్స్ కేబులును కనెక్టరు విడిపోయే తీరును (4+4, 6+2) బట్టి గుర్తుపట్టి తీరాలి, ఎందుకంటే వాటిలో 12 వోల్టులు, గ్రౌండు ఉండే వరుసలు తారుమారుగా ఉంటాయి.

తీగలను వరుసలో నిలిపే ప్లాస్టిక్ దువ్వెనలు ఈ సెట్టులోని బలహీనమైన భాగం. వంపు దగ్గర అవి జారిపోతున్నాయి. కనెక్టరు పక్కన ఒకటి, వంపు దాటాక మరొకటి ఉంచినప్పుడే వరుస నిలిచింది. పాత కేబుళ్లు ఎక్కడికీ పోవు కాబట్టి మదర్‌బోర్డు పలక వెనక వాటిని మడిచి వెల్క్రో పట్టీతో కట్టడానికి చోటు ఉండాలి, ఇరుకైన క్యాబినెట్లకు ఈ సెట్టు నప్పదు. దీనివల్ల లోపలి వేడి తగ్గుతుందని ఆశించవద్దు, ఇది చూపు కోసం చేసే ఖర్చు. తీగలన్నీ ఒకే రంగులోకి మారాయి కనుక, మరమ్మతు చేసేవారు వోల్టేజీని రంగుతో గుర్తించలేరు, వారికి ముందే చెప్పాలి. నేను ఎంచుకున్న తెలుపు అల్లిక అందంగానే ఉంది, కానీ దుమ్ము త్వరగా కనబడుతుంది; కిటికీలు తెరిచి ఉంచే ఇళ్లకు బూడిద రంగు మేలు.