మరణ ధ్రువపత్రమా, ఆసుపత్రి రికార్డా?

చెన్నైలో మా మేనమామ పోయాక కార్పొరేషన్ మరణ ధ్రువపత్రం ఆన్‌లైన్‌లో సులువుగానే దొరికింది. పేరు, తేదీ, చోటు, చిరునామా అన్నీ ఉన్నాయి. అత్తయ్య కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఎందుకు పోయారో లేదేంట్రా?" అంది. ఉండదు. 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం అందులో కారణం బయటపెట్టకూడదు. బ్యాంకుకి, పెన్షన్‌కి, పట్టా మార్పుకి మాత్రం అదే కావాలి.

కారణం తెలియాలంటే ఆసుపత్రినే అడగాలి. ఆసుపత్రిలో నింపే మరణ కారణ పత్రం, అంటే ఫారం 4లో డాక్టరు ముందు తక్షణ కారణం, దాని కింద దానికి దారితీసిన జబ్బులు వరుసగా రాస్తారు. నా దృష్టిలో ఆ కింది వరుసలే ప్రాణం. పైన గుండె ఆగిందని ఉన్నా, కింద షుగరో కిడ్నీ జబ్బో కనిపిస్తే పిల్లలు ముందే పరీక్షలు చేయించుకోవచ్చు. అదే చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత ఈ కారణ పత్రం కాపీ దగ్గరి బంధువుకి ఇవ్వాలి.

పూర్తి కేస్ షీట్ కూడా కావాలంటే ఆలస్యం చేయొద్దు. 2002 వైద్య నియమాల ప్రకారం డాక్టర్లు ఇన్‌పేషెంట్ రికార్డులు దాచాల్సింది చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లే. ఎంత దుఃఖంలో ఉన్నా, కర్మకాండలు అవగానే దరఖాస్తు పెట్టేయండి.