అలెప్పీ హౌస్‌బోటుకు బయానా కట్టబోతున్న స్వాములూ, ముందు ఇది చదవండి

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు నుంచి శబరిమల పోయే బృందాలకు ఈ సీజన్‌లో కొందరు ఏజెంట్లు ఒక ప్యాకేజీ అంటగడుతున్నారు. దర్శనం అయినాక కేరళలోని అలెప్పీ (అలప్పుళ)లో "22 గంటల హౌస్‌బోటు" అట. వాట్సాప్‌లో కొత్త బోటు ఫొటోలు పంపి మొత్తం పైసలు ముందే కట్టించుకుంటారు. తీరా జెట్టికి పోతే "దాని ఇంజిన్ రిపేరు" అని పాత బోటు ఎక్కిస్తారు. డిసెంబర్ చివర్లో మండలపూజ, క్రిస్మస్ రద్దీ ఒక్కసారే వస్తుంది. మీకు అప్పటికప్పుడు వేరే బోటు దొరకదని వాళ్లకు బాగా తెలుసు. వాపసు అడిగితే ఏజెంటు ఓనర్ని అడగమంటడు, ఓనర్ ఏజెంటును అడగమంటడు.

ముందు ఆ 22 గంటల లెక్క చూడండి. మధ్యాహ్నం 12కు ఎక్కిస్తారు, తెల్లారి 9కి దింపుతారు, అంటే 21 గంటలే. భోజనానికి ఒకచోట ఆపుతారు. సాయంత్రం 5:30 దాటితే చేపలవాళ్లు వలలు వేస్తారు కాబట్టి హౌస్‌బోట్లన్నీ ఒడ్డుకు కట్టేయాల్సిందే. మొత్తం మీద బోటు కదిలేది నాలుగైదు గంటలే. "రాత్రంతా తిప్పుతం" అన్న ఏజెంటుతో ఇక బేరమే వద్దు. ఏసీ కూడా మామూలు ప్యాకేజీల్లో బెడ్‌రూముల్లోనే, అదీ రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకే.

ఫొటోల్లో కొబ్బరిచెట్ల నడుమ కనిపించే సన్నని కాలువల్లోకి పెద్ద బోటు పట్టదు. అది వేంబనాడ్ కాయల్ అనే పెద్ద సరస్సులో, పెద్ద కాలువల్లోనే తిరుగుతుంది. సన్న కాలువలు చూడాలంటే గంటల లెక్కన శికారా అనే చిన్న పడవ తీసుకోవాలి. ఇంకో సంగతి. డిసెంబర్ నడుమ నుంచి వరి పొలాల్లోకి ఉప్పునీళ్లు రాకుండా ఆ కాయల్‌కు అడ్డంగా కట్టిన తన్నీర్‌ముక్కం బండ్ షట్టర్లు దించుతారు. ఉప్పు తగలక గుర్రపుడెక్క పెరిగి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. అప్పుడు డ్రైవర్ కొన్ని దారుల్లోకి రానంటే అది సాకు కాదు, నిజమే. ఏ దారిన తిప్పుతారో బుకింగ్ రోజే రాయించుకోండి.

బయానా పావు వంతు మించొద్దు. అంతకన్నా ముందు బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సర్వే సర్టిఫికెట్ (బోటు తిరగడానికి పనికొస్తుందని తనిఖీ చేసి ఇచ్చే పత్రం) ఫొటో, ఎంతమందికి అనుమతి ఉందో అడగండి. బోటు మారిస్తే అదే స్థాయిది ఇవ్వాలి, లేదంటే పైసలు వాపసు అని మెసేజ్‌లో రాయించండి. మాట ఫోన్లో చెప్తే చాలదు. మిగతా పైసలు బోటు ఎక్కి, గదులు చూసి, లైఫ్ జాకెట్లు తలా ఒకటి ఉన్నాయని లెక్కపెట్టినాకే ఇవ్వండి.

అనుమతికి మించి ఒక్క మనిషిని కూడా ఎక్కనీయొద్దు. పై డెక్కు మీదికి అందరూ పోతే బరువంతా పైకి చేరుతుంది, ఫొటో కోసం ఒక పక్కకు జరిగితే బోటు ఒరుగుతుంది. 2023 మే 7న కేరళలోనే తానూరులో పరిమితికి మించి ఎక్కించిన టూరిస్టు బోటు చీకటి పడ్డాక బోల్తాపడి 22 మంది పోయారు. వాళ్లలో పిల్లలే ఎక్కువ.

మాల మీద ఉన్నవాళ్లకు ఒక మాట. బోటులో వంటగది ఒక్కటే, అక్కడి వాళ్లకు చేపల వేపుడు రోజూ ఉండేదే. శుద్ధ శాకాహారం కావాలని, గిన్నెలు వేరుగా ఉండాలని ముందే చెప్పండి.

శబరి ఎక్స్‌ప్రెస్ అలెప్పీకి పోదు. చంగనాస్సేరిలో దిగితే రోడ్డు మీద 24 కి.మీ. స్టేషన్ దగ్గర చుట్టుముట్టే కమిషన్ మనుషుల వెంట పోవద్దు. జిల్లా టూరిజం ప్రమోషన్ కౌన్సిల్ ఆఫీసు బోటు జెట్టి దగ్గరే ఉంటుంది, అక్కడ అడగండి. పైసలు తక్కువున్నవాళ్లు అదే జెట్టిలో కేరళ జలరవాణా శాఖ బోటు ఎక్కి కొట్టాయం దాకా పోవచ్చు. రెండున్నర గంటల దారి, టికెట్ చాలా తక్కువ, నీళ్లూ ఊళ్లూ అవే.

ఇప్పటికే మోసపోయినవాళ్లు మెసేజ్‌లు, కట్టిన రశీదులు చెరిపేయకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.