పాత లగ్జరీ ఎస్‌యూవీ, దాని ఎయిర్ సస్పెన్షన్: చెన్నైలో కొన్నేళ్లు వాడాక

వాడిన పెద్ద లగ్జరీ ఎస్‌యూవీ కొనాలనుకునే బంధుమిత్రులు నన్ను ఎక్కువగా మైలేజీ గురించీ, ఇంజను గురించీ, తిరిగి అమ్మితే ఎంత వస్తుందనే దాని గురించీ అడుగుతుంటారు. నేను మాత్రం వాళ్లకు ఎయిర్ సస్పెన్షన్ గురించే, అంటే స్టీలు స్ప్రింగుల బదులు గాలి నిండిన రబ్బరు సంచుల మీద బండిని నిలిపే ఏర్పాటు గురించే చెబుతాను. ఈ బండి మీద నాకు ఏర్పడిన ఇష్టమంతా దానివల్లే కలిగింది, ఈ బండితో పడిన కష్టమూ దానివల్లే వచ్చింది. నాది జర్మనీ తయారీ, ఏడు సీట్ల డీజిల్ బండి. కొత్తగా ఉన్నప్పుడు 80 లక్షల రూపాయలు దాటిన దాన్ని, చెన్నైలోనే ఒకే యజమాని చేతిలో ఉండగా, ఎనిమిదో ఏట దాదాపు పావు ధరకు కొన్నాను.

ఢిల్లీ నుంచి ఇంకా చౌకగా తెప్పిస్తామని బ్రోకర్లు చెప్పారు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించడం, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించడంతో గడువు దగ్గరపడిన బండ్లు దక్షిణాదికి రావడం మొదలైంది. అయితే ఎన్ఓసీ (పాత రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం), తమిళనాడు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ మార్పు ఖర్చులు కలుపుకుంటే మిగిలేది పెద్దగా కనిపించలేదు. ఇక్కడి బండికి మాత్రం వరద చరిత్ర తప్పనిసరిగా చూడాలి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానులో నీట మునిగిన కార్లు నగరంలో ఎన్నో ఉన్నాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే, మునిగిన బండిలో చాలాసార్లు ఆ పట్టీ మీద బురద మరక కనిపిస్తుంది.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇంత ఎత్తు బండి ఆమెకు పనికిరాదని ఇంట్లో అందరూ అన్నారు, నాకూ ఆ అనుమానం ఉండేది. ఇంజను నడుస్తుండగా డ్యాష్‌బోర్డు మీది మీట నొక్కితే, సస్పెన్షన్‌లోని గాలి కొంత బయటికి పోయి, బండి మొత్తం కొద్ది అంగుళాలు కిందికి దిగుతుంది. మొదటిసారి అది చూసి అమ్మ "గుళ్లో ఏనుగులా వంగుతోందిరా" అంది. కుడిచేత్తో పైనున్న పిడి పట్టుకుని, ముందు ఎడమకాలు లోపల పెట్టి, రెండో కాలిని ఎవరి సాయమూ లేకుండా తనే లోపలికి తీసుకుంది. అంతకుముందు చిన్న కారులోకి వంగి కూర్చోవడానికీ, అందులోంచి లేవడానికీ ఆమె పడే అవస్థ చూసినవాడిని కనుక, ఆ ఒక్క సదుపాయానికే బండి ధర గిట్టిందని ఆ రోజు మనస్ఫూర్తిగా అనుకున్నాను. వానాకాలంలో వేళచ్చేరి వైపు రోడ్లు నీటితో నిండినప్పుడు అదే మీటతో బండిని పైకి లేపుకోవచ్చు. నెల్లూరు వెళ్లే జాతీయ రహదారి 16 మీద వంతెనల అతుకుల దగ్గర కుదుపు తెలియనివ్వని హాయి కూడా ఈ గాలి బుడగలదే.

ఆ నెల్లూరులోనే అది చెడిపోయింది. మేనమామ గారింట్లో గృహప్రవేశానికి వెళ్లి, రాత్రి బండిని వీధిలో పెట్టి, తెల్లవారి వచ్చి చూస్తే ముందు ఎడమ మూల పూర్తిగా కూలబడి ఉంది. టైరు పై భాగం ఫెండరు (చక్రం పైన ఉండే రేకు) లోపలికి వెళ్లిపోయి, మధ్యలో చేతివేళ్లు దూర్చేంత సందు కూడా లేదు. ఇంజను స్టార్ట్ చేయగానే గాలి నింపే పంపు, అంటే కంప్రెసర్, గుయ్యిమంటూ మొదలైంది. మిగతా మూడు మూలలూ లేచాయి గాని ఆ మూల మాత్రం కదలలేదు. కొంతసేపటికి శబ్దం ఆగిపోయి, తెర మీద బండిని నడపవద్దన్న హెచ్చరిక వచ్చింది. వేడెక్కిన కంప్రెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుందని నాకు తరువాత తెలిసింది. ఆ స్థితిలో నడిపితే టైరు ఫెండరు లైనింగును చీల్చేస్తుంది, మడతపడిన రబ్బరు నలిగి మొత్తానికే పోతుంది. నాలుగు చక్రాల డ్రైవ్ కనుక రెండు చక్రాలు పైకెత్తి లాగే మామూలు టోయింగ్ కూడా పనికిరాదు. చదునైన లారీ మీద ఎక్కించి, దాదాపు 175 కిలోమీటర్లు చెన్నైకి తీసుకురావలసి వచ్చింది. అమ్మను బస్సు ఎక్కించాను. ఆ మెట్లు ఎక్కడానికి ఆమె ఎంత ఇబ్బంది పడిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ వాళ్లు ముందు చక్రాల రెండు స్ట్రట్లు (గాలి సంచి అమర్చిన స్తంభాలు), కంప్రెసర్, గాలిని ఆయా మూలలకు పంపే వాల్వ్ బ్లాకు మొత్తం మార్చాలని చెప్పి నాలుగు లక్షల పైచిలుకు అంచనా ఇచ్చారు. అసలు ఏది ఎక్కడ చెడిందని ఎంత అడిగినా, కంప్యూటర్ చూపిన కోడ్ తప్ప వేరే సమాధానం రాలేదు. ఆ తీరు మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. అంబత్తూరులో సొంతంగా షెడ్డు నడుపుకునే ఒక మెకానిక్, సూళ్లూరుపేట మనిషి, ముందుగా చేసిన పని బకెట్లో సబ్బు నీళ్లు కలిపి ఎడమ బెలో (గాలి నిండే రబ్బరు సంచి) మీద చల్లడం. రబ్బరు కింది మడత దగ్గర సన్నని పగుళ్ల వెంట నురగ పొంగుతూ వచ్చింది. "సార్, బెలో ఎప్పటినుంచో కారుతోంది. రాత్రంతా పోయిన గాలిని పొద్దున్నే నింపీ నింపీ కంప్రెసర్ కూడా అరిగింది. ఈ రెండూ చేసుకుంటే చాలు, రెండోవైపు ఇప్పుడే ముట్టుకోవద్దు" అన్నాడు.

అతను కంప్రెసర్ విప్పి చూపించినప్పుడే ఈ వ్యవస్థ నాకు అర్థమైంది. బయటి గాలిలోని తేమను పీల్చుకోవడానికి అందులో సిలికా గుళికల అర ఒకటి ఉంటుంది. బండి ఎత్తు తగ్గేటప్పుడు గాలి మళ్లీ ఆ గుళికల గుండానే బయటికి పోతుంది కనుక, అవి పీల్చుకున్న తేమ కూడా దానితో వెళ్లిపోతుంది. బెలో పగిలితే గాలి అక్కడే కారిపోతుంది, గుళికలు ఆరే అవకాశం ఉండదు. చెన్నై లాంటి సముద్రతీర నగరంలో అవి త్వరగా తడిసి ముద్దవుతాయి, ఆ పైన తేమ వాల్వులలోకి చేరుతుంది. పుదుపేట పాత సామాన్ల బజారులో వాడిన స్ట్రట్ చౌకగా దొరుకుతుందని ఎవరో చెబితే అతను వద్దన్నాడు, రబ్బరు వాడకపోయినా వయసుతో పాడవుతుందన్నాడు. కొత్త బెలో, పిస్టన్ రింగు, గుళికలు, కంప్రెసర్‌కు కరెంటు అందించే రిలే మార్చి, లారీ కిరాయి కలుపుకుని లక్షకు కొంచెం పైన ఖర్చుతో పని ముగిసింది. సాధారణ ఇన్సూరెన్సులో ఇలాంటి అరుగుదల రాదు కనుక మొత్తం నా జేబులోంచే పోయింది.

నీళ్లలో ఎత్తు పెంచుకోవచ్చని పైన రాశాను గాని, నేను ఇప్పుడు ఆ పని చాలా అరుదుగా చేస్తాను. ఎత్తు పెంచినప్పుడు రబ్బరు మడతలు విప్పుకుని పాత పగుళ్ల మీద ఒత్తిడి పడుతుంది, పైగా శరీరం పైకి లేచినా ఇరుసులూ హబ్బులూ అక్కడే ఉంటాయి. హాయి గురించి అన్న మాట కూడా అన్ని రోడ్లకూ వర్తించదు. నగరంలో వరసగా వచ్చే చిన్న గతుకుల మీద, ఈ బండికిచ్చిన వెడల్పాటి, పక్క గోడ ఎత్తు తక్కువగా ఉన్న టైర్లతో, మామూలు స్టీలు స్ప్రింగుల బండికంటే ఇది అంత మెత్తగా ఏమీ అనిపించదు.

ఇలాంటి బండి చూడటానికి వెళ్లేవారు రాత్రంతా కదపకుండా ఉంచమని అమ్మేవారిని ముందే కోరాలి. చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు వరకు నాలుగు మూలలా టేపుతో సాయంత్రం ఒకసారి, తెల్లవారి ఇంజను వేయకముందు మరొకసారి కొలవాలి. ఒక్క మూల తగ్గినా గాలి కారుతున్నట్టే లెక్క. మనం వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచితే అన్ని మూలలూ లేచి ఉంటాయి కనుక అసలు సంగతి బయటపడదు. బానెట్ మీద చెయ్యి పెడితే అది తెలిసిపోతుంది.

గాలి వ్యవస్థను పూర్తిగా తీసేసి స్టీలు స్ప్రింగులు వేయించుకోమని కొందరు సలహా ఇచ్చారు. ఆ మార్పు జరుగుతుంది, ఖర్చూ తక్కువే, కాని అమ్మ కోసం బండి వంగదు. ఈ బండిని ఉంచుకోవాలనే నేను అనుకుంటున్నాను. ఆఫీసుకు వేరే చిన్న కారు ఉంది, ఇంట్లో నీడలో నిలిపే చోటు ఉంది, అంబత్తూరులో నమ్మకస్తుడైన మెకానిక్ ఉన్నాడు. ఇవి లేకుండా ఇదొక్కటే కారుగా వాడవలసినవారికి నేను దీన్ని కొనమని చెప్పలేను. మిగతా బెలోలు ఇంకా మొదటివే కనుక వాటికి కావలసిన డబ్బు విడిగా పెట్టుకున్నాను. అమ్మకు మోకాళ్ల మార్పిడి శస్త్రచికిత్స చేయించవచ్చని డాక్టరు అంటున్నారు. అది జరిగి ఆమె మెట్లు మామూలుగా ఎక్కగలిగితే, ఈ సదుపాయం కోసం మళ్లీ ఇంత డబ్బు పెడతానో లేదో ఇప్పుడే చెప్పలేను.