ఉప్సాలాలో అయిదు నెలలు, ఆరు వేల క్రోనార్ల పసుపు మరక

ముందు ఆ డబ్బు సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాది రాయబుద్ధి కాదు. స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీలో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ ముగించుకుని ఇంటికి బయలుదేరడానికి రెండు రోజుల ముందు, వంటింటి గట్టు మీద రూపాయి బిళ్లంత పసుపు మరక ఉందని మా ఓనరు 8,400 క్రోనార్ల అడ్వాన్సులో 6,000 పట్టుకున్నాడు. అప్పటి రేటుకి దాదాపు 48 వేల రూపాయలు. నాతో ఉన్నది మా క్లాసులోని గుంటూరు అమ్మాయి. చెరి సగం కాబట్టి నా వంతు 24 వేలు. ఖమ్మంలో మా నాన్నకి ఫోన్ చేసి చెబితే, "గట్టు మొత్తం కొత్తది వేయించినా అంత కాదు కదమ్మా" అన్నారు.

అసలు ఆ ఇంట్లో ఎందుకు పడ్డామంటే, తప్పు మాదీ ఉంది. ఉప్సాలాలో ఎక్స్ఛేంజ్ విద్యార్థులు యూనివర్సిటీ ద్వారా గదికి అప్లై చేసుకోవచ్చు, కానీ గడువు లోపు చేయాలి. హైదరాబాద్‌లో మా ఫైలు ఒక సంతకం కోసం టేబుళ్ల మీద తిరుగుతుండగానే అక్కడ గడువు అయిపోయింది. పర్మిట్ ఫీజు 1,500 క్రోనార్లు కట్టాం, 2023 లెక్క ప్రకారం నెలకి 9,450 చొప్పున బ్యాంకులో చూపించాం, దోహా మీదుగా రానుపోను టికెట్ 71,500 రూపాయలకి కొన్నాం. గది మాత్రం లేదు. చివరికి ఉప్సాలాలోనే ఎరిక్స్‌బెర్గ్ అనే పేటలో ఒకాయన ఫ్లాట్ దొరికింది. ఒక గది, వంటిల్లు, నెలకి 8,400. వీడియో కాల్‌లో చాలా మర్యాదగా మాట్లాడాడు. గోడలు తెల్లగా, గట్టు తెల్లగా, ఓవెన్ కూడా తెల్లగా. అప్పుడే అనుమానం రావలసింది. పోపు పెట్టుకునే వాళ్లకి అంత తెల్లటి వంటిల్లు అచ్చిరాదు.

2023 ఆగస్టు చివర్లో దిగాం. ఆర్లాండా విమానాశ్రయం స్టాక్‌హోమ్‌కీ ఉప్సాలాకీ మధ్యలో ఉంటుంది కాబట్టి రాజధాని దాకా పోనక్కర్లేదు. ఇన్సూరెన్స్ యూనివర్సిటీ తరఫునే ఉంది. ఇవన్నీ సాఫీగా జరిగాయి.

సాఫీగా జరగనిది పర్సూన్‌నుమ్మర్. మన ఆధార్ లాంటి నంబరు అనుకోండి. ఏడాదికి తక్కువ ఉండేవాళ్లకి ఇవ్వరు. అది లేకపోతే బ్యాంక్ ఐడీ (ఫోన్‌లో మనమెవరో రుజువు చేసే యాప్) లేదు, బ్యాంక్ ఐడీ లేకపోతే స్విష్ లేదు. స్విష్ అంటే వాళ్ల ఫోన్‌పే. దుకాణాల్లో మన కార్డు చక్కగా పనిచేస్తుంది, కానీ మనిషి దగ్గర మనిషి ఏదైనా కొనాలంటే స్విష్ ఒక్కటే దారి. పాత సైకిల్ ఒకటి 900 క్రోనార్లకి బేరం కుదిరింది. నోట్లు తీసి చూపిస్తే అమ్మే కుర్రాడు వాటిని మా తాతగారి ఫోటో చూసినట్టు చూశాడు. ఆఖరికి ల్యాబ్‌లో పరిచయమైన స్వీడిష్ అమ్మాయి అతనికి స్విష్ చేసింది, ఆమె సరుకులకి 900 అయ్యేదాకా నేను కార్డు గీకాను. రెండు వారాలు ఆమె ఇంట్లో వెన్న, కాఫీ పొడి, పిల్లి తిండి నా లెక్కలోవే. సైకిల్ మాత్రం కొనండి. చీకట్లో ముందూ వెనకా లైట్లు లేకపోతే జరిమానా వేస్తారు, అవీ అప్పుడే కొనండి.

చదువు గురించి చెప్పాలంటే నాకు ఫిర్యాదు లేదు. 1477లో పెట్టిన యూనివర్సిటీ అది, నార్డిక్ దేశాల్లోకెల్లా పాతది. ప్రొఫెసర్లని పేరు పెట్టి పిలవాలి. నాకు నోరు రాక నెలరోజులు "ఎక్స్‌క్యూజ్ మీ"తోనే నెట్టుకొచ్చాను. టైంటేబుల్‌లో 10 అని ఉంటే క్లాసు 10:15కి మొదలవుతుంది, దాన్ని అకడమిక్ క్వార్టర్ అంటారు. అది తెలియక మొదటి రోజు 9:50కే వెళ్లి ఖాళీ గదిలో పాతిక నిమిషాలు కూర్చున్నాం. పరీక్ష అయిదు గంటలు, హాల్లో తినొచ్చు. పక్కవాళ్లు అరటిపండ్లు, శాండ్‌విచ్‌లు తెచ్చుకుంటే గుంటూరు అమ్మాయి పెరుగన్నం డబ్బా తెచ్చుకుని మూడో ప్రశ్నకీ నాలుగో ప్రశ్నకీ మధ్య తినేసింది. ఇన్విజిలేటర్ పెద్దావిడ చూసి నవ్వింది. కానీ పరీక్షకి దాదాపు రెండు వారాల ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మరిచిపోతే ఎంత బతిమాలినా రాయనివ్వరు.

ఇక తిండి. బయట తింటే దివాలా. విద్యార్థి సంఘాలు, అక్కడ 'నేషన్లు' అంటారు, మొత్తం 13 ఉన్నాయి. ఒకప్పుడు ఏ జిల్లా పిల్లలు ఆ జిల్లా నేషన్‌లో చేరేవారట, మన ఊరి హాస్టల్ సంఘాల్లాగా. ఇప్పుడు ఎవరైనా ఎందులోనైనా చేరవచ్చు. తప్పకుండా చేరండి, చవకైన భోజనం, కాఫీ అక్కడే. ఇంట్లో మాకు ఫిల్‌మ్యోల్క్ అన్నం పెట్టిన తల్లి. లీటరు డబ్బా అప్పట్లో 18 క్రోనార్లు, చిలికిన చిక్కటి మజ్జిగలా ఉంటుంది, వాళ్లు అందులో పొద్దున్నే అటుకుల్లాంటివి వేసుకుని తింటారు. ఉప్పు, పచ్చిమిర్చి వేసి అన్నంలో కలిపితే మనదే. కొత్తిమీర కట్టలుగా కాదు, వేళ్లతో సహా చిన్న కుండీలో అమ్ముతారు. 25 క్రోనార్లు పెట్టి తెచ్చి కిటికీలో పెడితే పది రోజులు కోసుకున్నాం.

కానీ ఆ అయిదు నెలల్లో నా నాలుక మీద మిగిలింది లింగన్ అనే అడవి పండు. సెప్టెంబరు రెండో ఆదివారం ఆ సైకిల్ అమ్మాయే ఊరి బయట పైన్ అడవికి తీసుకెళ్లింది. స్వీడన్‌లో అడవి ఎవరిదైనా సరే, పాడు చేయకుండా తిరగవచ్చు, పళ్లు ఏరుకోవచ్చు, అది చట్టంలో ఉన్న హక్కు. మోకాలికి కూడా రాని పొదలు, ఆకు చిన్నగా గట్టిగా, దాని కింద గుత్తులుగా ఎర్రటి పళ్లు. ఒకటి నోట్లో వేసుకున్నాను. పులుపు, వెనక కొంచెం చేదు, కొంచెం వగరు. గుంటూరు అమ్మాయి కూడా నమిలి నా వైపు తిరిగింది. ఇద్దరం ఒకేసారి "వాక్కాయ" అన్నాం. స్వీడిష్ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. వాళ్లు దాన్ని పంచదార వేసి కలిపి మాంసంతో తింటారు. మేము రెండు కిలోలు ఏరుకొచ్చి, ఆ రాత్రే కందిపప్పులో వేసి ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి పోపు పెట్టాం. పప్పు లేత గులాబీ రంగుకి తిరిగింది, అది చూడ్డానికి కాస్త అనుమానంగానే ఉంది. రుచి మాత్రం అచ్చం మా అమ్మమ్మ శ్రావణంలో చేసే వాక్కాయ పప్పు, పాలు కారే జిగురు ఒక్కటే తక్కువ. మిగిలిన పళ్లని ఫ్రీజర్‌లో పెట్టి డిసెంబరు దాకా పచ్చడి చేసుకున్నాం. మొత్తం ఖర్చు, బస్సు టికెట్లు తీసేస్తే, సున్నా.

ఆ పసుపు మరక పడింది కూడా ఆ రాత్రే. చెంచా గట్టు మీద పెట్టాం, అంతే.

నవంబరు నుంచి వెలుతురు తగ్గిపోయింది. డిసెంబరులో మధ్యాహ్నం పావు తక్కువ మూడుకే సూర్యుడు దిగిపోతాడు. నేను ఎలాగో లాక్కొచ్చాను కానీ గుంటూరు అమ్మాయి మాట తగ్గించేసింది. నవంబరు 12న దీపావళికి రెండు ప్రమిదలు పెట్టి, వాటి ముందే నిద్రపోయింది. ఫ్లోగ్‌స్టా అనే హాస్టల్ భవనాల్లో రాత్రి సరిగ్గా పదింటికి పిల్లలు కిటికీలు తీసి గట్టిగా అరుస్తారు, అదొక పాత ఆనవాయితీ. ఒక రోజు తనని అక్కడ స్నేహితుల గదికి తీసుకెళ్లాను. పదయ్యింది, అన్ని అంతస్తుల నుంచీ కేకలు. ఈ పిల్ల కిటికీలోంచి సగం బయటికి వంగి "అమ్మా" అని ఎంత గట్టిగా అరిచిందంటే, కింద సైకిల్ మీద పోతున్నతను ఆగి పైకి చూశాడు. తర్వాత రెండు గ్లాసుల టీ తాగి మామూలుగా మాట్లాడింది.

నవంబరు చివర్లో నార్తర్న్ లైట్స్ చూడ్డానికి రాత్రి రైల్లో ఉత్తరాన ఉన్న అబిస్కో అనే ఊరికి వెళ్లాం. స్టాక్‌హోమ్ నుంచి వచ్చే బండి ఉప్సాలాలో కూడా ఆగుతుంది. రైలు, మూడు రాత్రుల బస కలిపి మనిషికి 3,400 క్రోనార్లు. రెండు రాత్రులు మబ్బు, మూడో రాత్రి టూర్నెట్రెస్క్ సరస్సు మీద ఆకుపచ్చ వెలుగు. చూడాలి, అంతే. గైడ్‌కి వేలకి వేలు పోయకండి, చీకట్లోకి నడిచి తల పైకెత్తడానికి గైడ్ ఎందుకు?

జనవరి మొదటి వారంలో ఉత్తరాన క్విక్యోక్ దగ్గర మైనస్ 43 దాకా పోయింది, ఉప్సాలాలో మైనస్ 20 దగ్గర ఆడింది. ఉష్ణోగ్రత కొలిచే సెల్సియస్ ఈ ఊరివాడే. ఆయన 1742లో మొదట పెట్టిన కొలత తలకిందులుగా ఉండేది, నీళ్లు మరిగితే 0, గడ్డకడితే 100. అదే ఉంచి ఉంటే మేము 120 డిగ్రీల్లో ఉన్నామని ఇంటికి చెప్పుకునేవాళ్లం.

ఆ చలిలోనే ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. స్వీడన్‌లో ఖాళీ చేసేటప్పుడు శుభ్రం చేయడం అంటే ఊడ్చి తుడవడం కాదు, ఓవెన్ లోపల, చిమ్నీ జల్లెడ, స్టవ్ వెనక గోడ, అన్నీ. మూడు రోజులు తోమాం. ఆ మరక మీద వంటసోడా వేశాం, నిమ్మకాయ రుద్దాం, టూత్‌పేస్ట్ పెట్టాం. ఇంట్లో అయితే పసుపు మరక ఏం చేస్తాం? ఎండలో పడేస్తాం, సాయంత్రానికి పోతుంది. ఇక్కడ ఆ గట్టు కిటికీ పక్కనే ఉంది, ఎండే లేదు.

ఓనరు టార్చిలైటుతో వచ్చాడు. బూట్లు విప్పి, నవ్వి, "తాక్, తాక్" (థాంక్స్, థాంక్స్) అంటూ స్టవ్‌ని గోడ దగ్గర నుంచి ముందుకి లాగాడు. వెనక ఎన్నేళ్ల నుంచో పేరుకుపోయిన నూనె. మేము వచ్చిన రోజు ఆ స్టవ్ జరిపి చూడలేదు, ఫోటో తీసుకోలేదు. తర్వాత మరక. వేలుతో దాని చుట్టూ గీత గీశాడు. గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. నూనెకి 1,500, గట్టుకి 4,500 అన్నాడు. రసీదు అడిగితే ఈమెయిల్ పంపుతానన్నాడు, ఇప్పటికీ పంపలేదు. గుంటూరు అమ్మాయి తెలుగులో ఒక మాట అంది, అది ఇక్కడ రాయను. క్రోనోఫోగ్డెన్ అనే ప్రభుత్వ శాఖలో 300 క్రోనార్లు కట్టి ఫిర్యాదు పెట్టవచ్చని సైకిల్ అమ్మాయి చెప్పింది. కానీ మా విమానం ఎల్లుండే. వదిలేశాం. మీరు వెళితే దిగిన రోజే స్టవ్ లాగి, ఓవెన్ అడుగు దాకా ఫోటోలు తీసి ఓనరుకే ఈమెయిల్ చేయండి. ఎక్స్ఛేంజ్‌కి మన కాలేజీ మిమ్మల్ని ఎంపిక చేసి పేరు పంపిన (నామినేషన్) రోజే యూనివర్సిటీ గదికి అప్లై చేయండి. పన్నెండు మందికి ఒక వంటిల్లు అయినా పరవాలేదు, మరక ఎవరిదో ఎవరికీ తెలియదు.

పోయిన అడ్వాన్సుతో సహా నాకు అయిన ఖర్చు 44 వేల క్రోనార్ల పైనే, విమానం కాకుండా మూడున్నర లక్షలు.

జూన్‌లో మా జూనియర్ ఒకమ్మాయి ఉప్సాలాలో ఇల్లు వెతుకుతూ నాకు ఒక ప్రకటన పంపింది, "అక్కా, ఇది మంచిదేనా?" అని. ఎరిక్స్‌బెర్గ్, అదే కిటికీ, అదే తెల్ల గట్టు, అద్దె 9,200. ఫోటో మధ్యాహ్నం ఎండలో తీశాడు. పెద్దది చేసి చూశాను. మరక ఉండాల్సిన చోట ఏమీ లేదు, గట్టు కూడా పాతదే, మూల దగ్గర పెచ్చు ఊడిన చోటు అలాగే ఉంది. వద్దని చెప్పి, ఆ ఫోటోని గుంటూరుకి పంపాను.