ఫ్లూ సోకిన విద్యార్థి హాస్టల్లో ఉండాలా, ఇంటికి వెళ్లాలా?

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం వంటి చోట ఫ్లూ వ్యాపిస్తే, జ్వరం వచ్చిన విద్యార్థికి రెండు దారులుంటాయి: హాస్టల్ గదిలోనే విడిగా ఉండటం, లేదా బస్సెక్కి సొంతూరు చేరడం.

ఇంట్లో వేళకు జావ కాచి ఇచ్చే మనుషులుంటారు, ఆ ఆదరణ హాస్టల్లో దొరకదన్నది నిజమే. అయితే లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచి, ఆ తర్వాత 5 నుంచి 7 రోజుల వరకు వైరస్ ఇతరులకు అంటుకోగలదు గనుక, కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో పలాసకో ఇచ్ఛాపురానికో చేసే ప్రయాణం పక్కన కూర్చున్నవారికీ ముప్పే. ఉద్దానం పల్లెలకు వెళ్లే విద్యార్థుల విషయంలో నా ఆందోళన మరింత ఎక్కువ. అక్కడ దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధితో బాధపడేవారు ఎందరో ఉన్నారు, అటువంటివారికి ఫ్లూ సోకితే న్యుమోనియా వంటి తీవ్ర సమస్యలు తలెత్తే అవకాశం ఇతరులకంటే అధికం.

అందువల్ల హాస్టల్లో ఉండటమే మేలని నా అభిప్రాయం. కానీ అందుకు గాలి ఆడే విడి గది, గుమ్మం దగ్గరకే భోజనం, రోజుకు రెండు పూటలా పలకరించే మనిషి తప్పనిసరి. ఆ ఏర్పాటు లేక నలుగురూ ఒకే గదిలో పడుకోవలసి వస్తే, మాస్కు ధరించి సొంత వాహనంలో ఇంటికి వెళ్లి, అక్కడా పెద్దలకు దూరంగా విడి గదిలో ఉండటం నయం.

ఎక్కడున్నా, పారాసెటమాల్ వేసుకోకుండానే 24 గంటలు జ్వరం రాకపోతేనే తరగతికి వెళ్లాలి. ఆస్తమా, మధుమేహం ఉన్నవారు, గర్భిణులు మొదటి 48 గంటల్లోనే వైద్యుని కలవాలి, ఎందుకంటే ఫ్లూ వైరస్‌ను అణచే ఒసెల్టామివిర్ మందు అప్పుడే బాగా పనిచేస్తుంది. ఆయాసం, ఛాతీనొప్పి, మగత కనిపిస్తే ఎవరైనా సరే 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి చేరాలి.