నేను నీళ్లలో, ఆయన ఒడ్డున: ఎనిమిదేళ్ల డైవింగ్ సెలవులు

మాది హన్మకొండ. ఇద్దరం గవర్నమెంట్ స్కూల్ టీచర్లం. నేను ఫిజిక్స్ చెప్తాను, మా ఆయన సోషల్. 2017 నుంచి 2025 దాకా స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్‌తో నీళ్ల అడుగున ఈదడం) కోసం ఆరుసార్లు సముద్రాలు పట్టుకుని తిరిగాం. నా లాగ్‌బుక్‌లో 39 డైవులున్నాయి. ఆయన ఒక్కటీ చేయలేదు, చేయరు కూడా. చిన్నప్పటి నుంచి ఆయనకు ఆస్తమా.

డైవ్ సెంటర్‌లో ముందు ఆరోగ్యం మీద ప్రశ్నల కాగితం ఇస్తారు. ఆస్తమా దగ్గర 'అవును' అని రాస్తే డాక్టర్ సంతకం కావాలి. మేం చూపించుకునే ఛాతీ డాక్టర్ సంతకం పెట్టనని చెప్పేశారు. లోపల పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది. పది మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా ఉన్న గాలికి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు కావాలి. ఆ సమయంలో గాలి గొట్టాలు బిగుసుకుంటే గాలి బయటికి పోలేక ఊపిరితిత్తి చిరిగే ప్రమాదం ఉంది. ఆ రోజే మా ఇంట్లో ఆ సంగతి తేలిపోయింది. అప్పటి నుంచి "ఒక్కసారి ప్రయత్నించండి" అని నేను ఆయన్ని అడగలేదు. ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది.

ఇంట్లో ఒకరే డైవ్ చేసేవాళ్లకు మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. చోటు ఎంచుకునేటప్పుడు అందరూ చేపలు ఎన్ని, నీళ్లు ఎంత తేట అని చూస్తారు. నేను ఇప్పుడు ముందు చూసేది వేరే. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఒడ్డున ఉండే మనిషికి ఆ ఊళ్లో ఏముంది? దీనికి జవాబు దొరకని చోటికి నేను డబ్బు కట్టను.

ఇది నాకు 2017 ఏప్రిల్ చివర్లో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో తెలిసొచ్చింది. వరంగల్‌లో చెన్నై రైలెక్కి, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం, మర్నాడు పొద్దున ఫెర్రీ. (హేవ్‌లాక్ పేరు 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. నోటికి అలవాటైన పేర్లే వాడుతున్నాను.) డైవింగ్ నేర్పే మొదటి కోర్సు, ఓపెన్ వాటర్ అంటారు, నాలుగు రోజులు, ఖర్చు 25 వేల దాకా అయింది. మా తాతగారి ఊళ్లో బావిలో ఈత నేర్చుకున్న దాన్ని కాబట్టి 200 మీటర్ల ఈత పరీక్ష కష్టం కాలేదు. మాస్క్‌లోకి నీళ్లొస్తే ముక్కుతో ఊది పంపేయడం మాత్రం రెండు రోజులకు గానీ రాలేదు. మొదటిసారి పన్నెండు మీటర్ల లోతులో మోకాళ్ల మీద కూర్చుని, నా ఊపిరి చప్పుడు నేనే వింటూ, పగడాల మీద ఎండ కదలడం చూశాను. ఆ ఆనందం నాకు మాటల్లో చెప్పడం రాదు.

డైవింగ్ రోజు ఎలా గడుస్తుందో చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఆరున్నరకు సెంటర్‌కు పోవాలి. సామాన్లు సర్దుకుని పడవెక్కి, ఒక డైవ్, గంటసేపు విరామం, ఇంకో డైవ్. తిరిగొచ్చేసరికి పన్నెండున్నర. స్నానం చేసి అన్నం తింటే ఇక కళ్లు నిలవవు. రెండు డైవుల తర్వాత వచ్చే అలసట వేరు, నిద్ర తన్నుకొస్తుంది. లేచేసరికి నాలుగున్నర. అండమాన్‌లో ఐదున్నరకే పొద్దు గూకుతుంది. అంటే నేను లేచి టీ తాగేసరికి రోజు అయిపోయేది.

మా రిసార్ట్ ఊరికి దూరం. ఆయన పొద్దున్నుంచీ ఆ కొబ్బరి చెట్ల కింద పుస్తకం పట్టుకుని కూర్చునేవారు. నాలుగో రోజు రాత్రి మెల్లగా అన్నారు: "నువ్వు పొద్దున పోతవ్, మధ్యాహ్నం పంటవ్. మరి నేను ఎవ్వరితోని వచ్చిన ఈడికి?"

చాలా బాధేసింది. ఆయన అన్నది నిజం. ఇంటి నుంచి ఇంత దూరం తీసుకొచ్చి ఒంటరిగా కూర్చోబెట్టాను.

ఆ తర్వాతి సెలవు నుంచి రోజు విడిచి రోజు డైవ్ చేస్తున్నాను. వారం రోజుల సెలవులో మూడు రోజులే నీళ్లు. ప్యాకేజీలు ఎక్కువగా రోజుకు రెండు చొప్పున వరుసగా అమ్ముతారు. మధ్యలో రోజు వదిలేస్తామని ముందే మెయిల్ పెట్టి అడగాలి, నన్నెవరూ కాదనలేదు. చూడని చేపలు కొన్ని మిగిలిపోతాయి, అయినా నాకు నష్టం అనిపించలేదు.

అయితే 2019 సంక్రాంతికి ఇంకో తప్పు చేశాం. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి. ఆయన్ని ఒంటరిగా వదలొద్దని పడవలో వెంట తీసుకెళ్లాను. "డైవ్ చేయని వాళ్లు కూడా రావొచ్చు, చక్కగా చూడొచ్చు" అని సెంటర్ వాళ్లు ఫోన్‌లో చెప్పారు. పడవలో నీడ సరిగా లేదు. పోయేటప్పుడు బాగానే ఉంది. లంగరు వేసి ఆపాక అసలు కష్టం మొదలైంది. కదిలే పడవ కంటే ఆగిన పడవే ఎక్కువ ఊగుతుంది. నేను రెండు డైవులు చేసి పైకి వచ్చేసరికి ఆయన వాంతులు చేసుకుని పడుకుని ఉన్నారు. దిగిపోదామన్నా అక్కడ దిగే చోటు లేదు. వాంతి మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలని, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదని మాకు ఒక్కరూ చెప్పలేదు. మీరు తోడు తీసుకెళ్తే మాత్రం మూడు విషయాలు అడగండి. పడవకు కప్పు ఉందా, టాయిలెట్ ఉందా, వెంట వచ్చేవాళ్లకు స్నోర్కెలింగ్ (మాస్క్, గొట్టం పెట్టుకుని పైపైన తేలుతూ చూడటం) చేయించే మనిషి ఉన్నాడా. మూడింటికీ అవునంటేనే తీసుకెళ్లండి.

మురుడేశ్వర్ ఊరు మాత్రం ఆయనకు నచ్చింది. 123 అడుగుల శివుడు, లిఫ్ట్‌లో పైకి వెళ్లి సముద్రం చూడగలిగే గోపురం. కానీ రెండు రోజులకు మించి అక్కడ చేయడానికి ఏమీ లేదు.

మాకు నిజంగా సరిపోయిన చోటు అండమాన్‌లోనే ఉన్న నీల్ దీవి. ఇప్పుడు షహీద్ ద్వీప్. 2022లో హేవ్‌లాక్‌తో కలిపి పోయాం, మళ్లీ 2025 ఏప్రిల్‌లో అక్కడికి మాత్రమే పోయాం. దీవి చిన్నది, చదునుగా ఉంటుంది. అద్దె సైకిల్ ఉంటే ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. ఊళ్ల పేర్లు చూడండి: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు కూరగాయలు, వరి పండిస్తాయి. మా ఆయన రెండో రోజుకే ఒక బెంగాలీ రైతుతో వచ్చీరాని హిందీలో ఎరువుల ధరలు మాట్లాడుతున్నారు. అన్నం, పప్పు, చేపల పులుసు దొరికే చిన్న హోటళ్లున్నాయి. మేం తీసుకెళ్లిన మామిడికాయ తొక్కు ఆ పప్పులోకి బ్రహ్మాండంగా కుదిరింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది అక్కడి పోటు, పాటు. లక్ష్మణ్‌పూర్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉన్న వైపు, నీళ్లు వెనక్కి పోయినప్పుడు పగడపు నేల బయటపడుతుంది. గుంటల్లో నిలిచిన నీళ్లలో పీతలు, సముద్ర దోసకాయలనే జీవులు, చిన్న చిన్న రంగు చేపలు. ఈత రాకుండా, సిలిండర్ లేకుండా, రబ్బరు చెప్పులతో నడుస్తూ సముద్రం అడుగు చూడొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? పోటుపాట్ల సమయం రోజూ యాభై నిమిషాల దాకా ఆలస్యమవుతుంది. అందుకే రూమ్ బుక్ చేయకముందే ఆ తేదీల్లో పాటు ఎన్ని గంటలకో చూస్తాను. నేను పడవలో ఉండే పొద్దుటి వేళే పాటు వచ్చే రోజులు వెతికి పెట్టుకుంటాను. 2025లో మూడు రోజులూ అలాగే కలిసొచ్చాయి. నేను జంక్షన్ అనే చోట డైవ్ చేసి వస్తే, ఆయన నాకంటే ఎక్కువ కబుర్లతో ఎదురొచ్చారు. గుంటలో ఆక్టోపస్‌ను చూశారట, రంగు మార్చిందట. నాకు ఆ ట్రిప్పులో ఒక్క ఆక్టోపస్ కూడా కనబడలేదు.

హేవ్‌లాక్ కూడా తీసేయదగిన చోటు కాదు. ఎలిఫెంట్ బీచ్‌లో లైఫ్ జాకెట్ వేసుకుని, మనిషి తోడుగా తేలుతూ పగడాలు చూడొచ్చు. 2022లో ఇన్‌హేలర్ ఒడ్డున నా చేతికిచ్చి ఆయన మొదటిసారి నీళ్లలో ముఖం పెట్టారు. రాధానగర్ బీచ్‌లో సాయంత్రం ఇద్దరం కలిసి గడపొచ్చు. కాకపోతే రిసార్ట్ బజారుకు నడిచే దూరంలో ఉండాలి, లేదంటే స్కూటీ అద్దెకు తీసుకోవాలి.

ఇంకో మాట, విమానం గురించి. డైవ్ చేశాక శరీరంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. పైన విమానంలో ఒత్తిడి తక్కువ కాబట్టి తొందరపడితే అది లోపలే బుడగలు కడుతుంది. అందుకే వరుసగా డైవ్ చేసినవాళ్లు విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, నేను 24 ఆగుతాను. ఆ చివరి రోజును మొదట్లో దండగ అనుకున్నాను. ఇప్పుడు అది పూర్తిగా ఆయన రోజు. ఎక్కడికి పోవాలో, ఏం తినాలో ఆయనే చెప్తారు.

2022లో ఆయన నన్ను సెల్యులర్ జైలుకు తీసుకెళ్లారు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు, 693 గదులు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలో నిలబడి ఆయన మౌల్వీ అల్లావుద్దీన్ కథ చెప్పారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన మనిషి. ఈ జైలు కట్టక ముందే ఆయన్ని అండమాన్‌కు పంపారు, ఇక్కడే చనిపోయారు. రోజూ కోఠి మీదుగా పోయే మనవాళ్లలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి? నాకూ తెలియదు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, మా ఆటో డ్రైవర్ కూడా తెలుగాయనే. మా ఆయన ఆ రోజంతా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నారు.

బాలిలోని తులంబెన్‌కు 2023 మేలో పోయాం. విదేశానికి కాబట్టి డిపార్ట్‌మెంట్ అనుమతికి చాలా ముందు నుంచే తిరగాల్సి వచ్చింది. అక్కడ పడవ గొడవే లేదు. ఒడ్డు నుంచి నడిచి దిగితే మునిగిన ఓడ. లిబర్టీ అనే ఆ అమెరికన్ సరుకు ఓడను 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొడితే ఒడ్డుకు చేర్చారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు అది సముద్రంలోకి జారింది. ఇదంతా దిగే ముందు రాత్రి ఆయనే చెప్పారు. ఆ కథ విని దిగడం వల్లే ఆ ఇనుప పక్కటెముకల మధ్య నాకు గుండె బరువెక్కింది. డైవ్‌కు డైవ్‌కు మధ్య గంటసేపు పైకి వచ్చి ఇద్దరం కలిసి కాఫీ తాగేవాళ్లం. ఊరి ఆడవాళ్లు సిలిండర్లు తలల మీద పెట్టుకుని గులకరాళ్ల మీద చెప్పులు జారకుండా నడుస్తారు. దగ్గర్లో తీర్థ గంగ కొలనులున్నాయి, కారులో పోతే బెసాకి గుడి. డైవ్ చేయని వాళ్లున్న ఇంటికి నీల్ తర్వాత నేను చెప్పే చోటు ఇదే.

మాల్దీవుల గురించి ఒక్క సంగతి చెప్తాను. అక్కడ బా అటోల్‌లో హనిఫారు బే అనే చిన్న అఖాతం ఉంది. ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) కోసం మాంటా రేలు (వెడల్పాటి రెక్కలున్న పెద్ద చేపలు) గుంపులుగా వస్తాయి, మే నుంచి నవంబర్ దాకా సీజన్. అక్కడ స్కూబా నిషేధం, స్నోర్కెలింగ్ ఒక్కటే చేయనిస్తారు. నా సర్టిఫికెట్‌కు అక్కడ విలువ లేదు. ఇద్దరం సమానం. అమావాస్య, పౌర్ణమి పోట్లకు ప్లాంక్టన్ ఎక్కువగా కొట్టుకొస్తుంది. 2024 అక్టోబర్ 2 పెత్రమాస. పెద్దలకు బియ్యమిచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడి, మర్నాడు బయల్దేరాం. విమానాశ్రయం ఉన్న ధరవందూ దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకున్నాం, రిసార్ట్ ధరలు మా జీతాలకు అందవు. రెండో రోజు ఆయన లైఫ్ జాకెట్‌తో తేలుతూ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కింద నుంచి తెల్లటి పొట్ట, తెరిచిన నోరు, మా ఇంటి గుమ్మమంత వెడల్పు రెక్కలు. ఒకటి పోతే ఇంకొకటి. పడవెక్కాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సద్దుల బతుకమ్మకు ఇంట్లో ఉన్నాం.

ఒడ్డున ఉన్నవాళ్ల టెన్షన్ కూడా చిన్నది కాదు. మొదటి ట్రిప్పులో పడవ నలభై నిమిషాలు ఆలస్యమైతే ఆయన సెంటర్ ముందు ఎండలో నిలబడి ఉన్నారు. అప్పటి నుంచి ముందు రోజు రాత్రే అన్నీ కాగితం మీద రాసిస్తాను: ఎక్కడికి పోతున్నాం, ఎంత లోతు, ఎప్పుడు తిరిగొస్తాం, సెంటర్ నంబర్ ఏంటి. చివర్లో ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఎందుకు ఆగుతామో (ఆ నైట్రోజన్ పోవడానికే) కూడా బొమ్మ వేసి చెప్పాను. భయం పోలేదంటారు, కానీ ఇప్పుడు నిద్ర పడుతోందంటారు.

నా లాగ్‌బుక్ ఇప్పుడు ఆయనే రాస్తారు. సాయంత్రం నేను చెప్తుంటే లోతు, సమయం, చూసిన చేపలు తెలుగులో రాస్తారు. 2025లో నీల్‌లో చేసిన చివరి డైవ్ పేజీలో నా వివరాల కింద ఆయన ఇంకో వరుస చేర్చారు: "లక్ష్మణ్‌పూర్, పాటు ఉదయం. లోతు మోకాలి దాకా. ఆక్టోపస్ ఒకటి." వచ్చే ఏప్రిల్‌కు తేదీలు చూస్తున్నాం. పాటు సమయాల పట్టిక ఈసారి ఆయన దగ్గరుంది.