కయోటీల పొరుగున మేకలు: సోలార్ కరెంటు వల వాడి చూశాక

మేకలకో గొర్రెలకో కంచెగా కరెంటు వల కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. మాది టెక్సస్‌లో, ఆస్టిన్‌కు ఉత్తరాన ఐదెకరాల స్థలం. నైజీరియన్ డ్వార్ఫ్ మేకలు పది, కోళ్లు ఓ పాతిక. వెనక వాగు, వాగు పొడవునా మెస్కీట్ అనే ముళ్ల పొదలు, ఆ పొదల్లో కయోటీలు, అంటే తోడేలు కంటే చిన్నవైన అమెరికా అడవి కుక్కలు. స్థలం అమ్మకపు ప్రకటనలో వాగు గురించి రాశారు గాని ఈ చివరి సంగతి రాయలేదు.

నేను కొన్నవి 48 అంగుళాల ఎత్తు, 164 అడుగుల పొడవు ఉన్న వల చుట్టలు రెండు. ప్లాస్టిక్ దారాలతో కలిపి సన్నని స్టీలు తీగలు పేని అల్లుతారు. గుంజలు వలకే బిగించి వస్తాయి, కింద ఇనుప మేకు ఉంటుంది, కాలితో తొక్కి నేలలోకి దించాలి. దీనికి తోడు సోలార్ పలకా 12 వోల్టుల బ్యాటరీ ఉన్న ఎనర్జైజర్ పెట్టె. అది దాదాపు సెకనుకొకసారి వలలోకి విద్యుత్తును కొడుతుంది. వోల్టులు వేలల్లో ఉన్నా ఆ దెబ్బ క్షణంలో అతి చిన్న భాగమే ఉంటుంది కాబట్టి మనిషికో మేకకో చురుక్కుమంటుంది, అంతే. రెండు చుట్టలు, పెట్టె, ఎర్తింగ్ కడ్డీలు అన్నీ కలిపి ఏడు వందల డాలర్లు దాటాయి.

మా అత్తగారు వచ్చినప్పుడు ఈ వలను వేళ్లతో సాగదీసి చూసి, "ఇంత డబ్బు పోసి దారాలు కొన్నావా అమ్మాయీ? ఎదురుగా అన్ని ముళ్లచెట్లు ఉన్నాయి, నాలుగు కంపలు కొట్టి అడ్డం వేస్తే సరిపోయేది కదా" అన్నారు. ఆమె మాటలో నిజం లేకపోలేదు. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గర బంధువే. కానీ వారానికోసారి మేకలను కొత్త గడ్డి మీదికి మార్చే నాకు కదిలే కంచె కావాలి. కంప కదలదు. కదిలించబోతే కదిలేది మన చేతి చర్మం.

ఇక అసలు సంగతి. ఈ వల గోడ కాదు. కయోటీ తలచుకుంటే ఐదడుగుల కంచెను దాటగలదు, లేదా కింద తవ్వుకుని దూరగలదు. నాలుగడుగుల వల దానికి ఒక లెక్క కాదు. అయినా దూకదు. ఎందుకంటే కొత్త వస్తువు దగ్గరికి అది ముందు ముక్కుతో వస్తుంది. ఒంటి మీది బొచ్చుకు కరెంటు అంతగా అందదు గాని తడి ముక్కుకు పూర్తిగా అందుతుంది. అందువల్ల వల పాతిన మొదటి గంట నుంచే కరెంటు ఉండి తీరాలి. "రేపు కనెక్షన్ ఇద్దాంలే" అని వట్టి వల నిలబెడితే, ఆ రాత్రే అది వాసన చూసి ఇందులో భయపడాల్సిందేమీ లేదని తెలుసుకుంటుంది. ఆ తరువాత ఎన్ని వోల్టులు పెట్టినా సగం ఆట పోయినట్టే.

ఏదైనా కదిలితే దానంతటదే తీసే మా ట్రెయిల్ కెమెరాలో ఆ మొదటి పరిచయం పడింది. ఎడమ చెవి అంచు చిరిగిన కయోటీ ఒకటి. ముందుకాళ్లు వంచి, మెడ బాగా సాచి, వల రెండో గడి దగ్గర ముక్కు పెట్టింది. మరుక్షణం నాలుగు కాళ్లూ గాల్లో ఉన్నాయి. పారిపోతుందనుకున్నాను, పోలేదు. దూరంగా కూర్చుని, వల వైపు చాలాసేపు చూసింది, మధ్యమధ్య ముక్కు నాక్కుంటూ. ఆ తరువాతి దృశ్యాల్లో అదీ దాని జతా వలకు ఒక మనిషి దూరం విడిచి, పక్కనుంచే నడిచి వాగు వైపు వెళ్తాయి. మేకలు లేచి చూస్తాయి, మళ్లీ నెమరు వేసుకుంటాయి. ఆ ఏడు వందల డాలర్లకు నాకు దొరికింది ఈ దృశ్యమే.

ఇప్పుడు తిట్లు. వినియోగ పుస్తకంలో ఎర్తింగ్ గురించి రెండే రెండు వాక్యాలు రాశారు. నిజానికి ఈ సామాను ప్రాణమంతా అక్కడే ఉంది. జంతువు వలను తాకినప్పుడు కరెంటు దాని ఒంట్లోంచి నేలలోకి దిగి, నేలలోంచి ఎర్తింగ్ కడ్డీ ద్వారా పెట్టెకు తిరిగి చేరాలి. అప్పుడే షాక్. మాది నల్లరేగడి. వసంతంలో తడిగా ఉన్నప్పుడు నా వోల్ట్‌మీటర్ 6,000 చూపిస్తుంది. ఆగస్టు వచ్చేసరికి నేల చెయ్యి దూరేంత బీటలు వారుతుంది, అప్పుడు కంచె తాకిన జంతువుకు అందేది అందులో సగం కూడా ఉండదు. కంపెనీ వారికి ఫోను చేస్తే బ్యాటరీ చార్జి చేయమన్నారు. బ్యాటరీ నిండుగానే ఉందని చెబితే మళ్లీ చార్జి చేయమన్నారు. చివరకు పనిచేసినవి ఇవి: పదేసి అడుగుల దూరంలో మూడు కడ్డీలు లోతుగా దిగగొట్టి ఒకే తీగతో కలపడం, మండువేసవిలో వాటి మొదట్లో బకెట్టు నీళ్లు పోయడం. పొడి ప్రాంతాల కోసం ఒక తీగ విడిచి ఒక తీగను ఎర్తింగ్‌కు కలిపే రకం వలలు కూడా దొరుకుతాయి. అందులో జంతువు రెండు తీగలనూ ఒకేసారి తాకితే నేలతో నిమిత్తం లేకుండా షాక్ కొడుతుంది. మీది వాన తక్కువ ప్రాంతమైతే మొదటే అది కొనండి.

వానాకాలపు బాధ వేరు. గడ్డి పెరిగి వలను తాకితే ఆ ఆకుల గుండా కరెంటు నేలలోకి జారిపోతుంది. వారానికోసారి వల జరిపే అలవాటుంటే ఈ సమస్య దానంతటదే తీరుతుంది. ఒకేచోట ఉంచేవారు మాత్రం కింద గడ్డి కోస్తూనే ఉండాలి. కోత యంత్రానికి వల దారం చిక్కిందంటే యంత్రమూ పోతుంది, దారమూ పోతుంది. ఇక ఆగస్టు నేలలో ఆ మేకులు దిగాలంటే ముందుగా ఇనుప కడ్డీతో కన్నం వేసుకోవాల్సిందే. ప్రకటనలో నవ్వుతూ పాదంతో నొక్కే ఆవిడ మా ఊరికి రాలేదు.

ప్రాణాలకు సంబంధించిన రెండు విషయాలు ప్రకటనల్లో కనబడవు. కొమ్ములున్న మేక తల దూర్చి చిక్కుకుంటే, గింజుకున్నకొద్దీ మెడకు చుట్టుకుంటుంది, కరెంటు కొడుతూనే ఉంటుంది. మా మేకలకు కొమ్ములు లేవు కాబట్టి కొన్నాను, ఉంటే కొనకపోదును. రెండోది తాబేళ్లు. షాక్ తగలగానే అవి డొప్పలోకి ముడుచుకుంటాయే తప్ప పక్కకు తప్పుకోవు, అలా దెబ్బ మీద దెబ్బ తిని చచ్చిపోతాయి. వాగు పక్కన ఉండేవారు ఉదయాన్నే వల చుట్టూ ఒకసారి నడవడం ధర్మం.

మిగతా ఉపాయాలతో పోలిస్తే? రాత్రిపూట రంగులు మార్చి మెరిసే దీపాలు చౌక, కొన్ని వారాలు బాగా పనిచేస్తాయి, ఆ తరువాత కయోటీలకు అవి అలవాటైపోతాయి. ఈనే రోజుల్లో మాత్రం చోటు మారుస్తూ పెడతాను. గ్రేట్ పైరనీస్, అనటోలియన్ షెపర్డ్ కుక్కలను మించిన కాపలా లేదంటారు, పెద్ద గడ్డిభూములకు అది నిజమే. కానీ వాటికి పని మీద నిలకడ రావడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది, రాత్రంతా మొరగడమే వాటి ఉద్యోగం. ఐదెకరాల్లో ఆ ఉద్యోగం చుట్టుపక్కల వాళ్లందరి నిద్ర మీద నడుస్తుంది. కోళ్లకైతే రాత్రి ఈ వల ఒక్కటీ చాలదు. రాకూన్లు (ముందుకాళ్లను చేతుల్లా వాడే చిన్న అడవి జంతువులు), గుడ్లగూబలు ఉన్నాయి. అరంగుళం గడుల గట్టి ఇనుప జాలీతో గూడు కట్టాలి. కోళ్ల జాలీ పేరుతో అమ్మే పల్చటిది కోడిని లోపల ఉంచుతుందే గాని రాకూన్‌ను బయట ఉంచదు.

తుపాకి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రోడ్డుకు అవతల పశువులు పెంచే పెద్దాయన నాకు ఇచ్చిన మొదటి సలహా అదే. టెక్సస్‌లో దానికి అడ్డు చెప్పే చట్టం దాదాపు లేదు. అయితే ఒకచోట కాపురమున్న కయోటీ జంట తన హద్దుల్లోకి ఇతర కయోటీలను రానివ్వదు. ఆ జంటను చంపితే ఖాళీ అయిన చోటికి సొంత చోటు లేక తిరిగే కొత్త కయోటీలు వస్తాయి. వాటికి నా వల గురించి ఏమీ తెలియదు, పాఠం మళ్లీ మొదలు. పైగా సంఖ్య తగ్గినచోట ఎక్కువ ఆడవి ఈనుతాయి, ఈతకు ఎక్కువ పిల్లలు పుడతాయి. ఫెడరల్ వ్యవసాయ శాఖ కిందనున్న వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ ఏటా యాభై వేలకు పైగా కయోటీలను చంపుతున్నా హవాయి తప్ప ప్రతి రాష్ట్రంలోనూ అవి ఉన్నాయి. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ 2000లో ఆ సంస్థతో ఒప్పందం వదులుకుని, గొర్రెల రైతులకు కంచెలకూ కాపలా కుక్కలకూ సాయం చేసే దారి పట్టింది. చిరిగిన చెవి జంట నా పొలానికి పనికొచ్చే జంట. అవి తినేది ప్రధానంగా ఎలుకలు, కుందేళ్లు, వేసవి చివర మెస్కీట్ కాయలు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు పుట్టాక వాటి ఆకలి పెరుగుతుంది, మన మేకపిల్లలు కూడా అప్పుడే పుడతాయి కాబట్టి నేను ఎక్కువ జాగ్రత్తపడేది ఆ రోజుల్లోనే. మేక ఈనాక పడే మావిని వెంటనే తీసి లోతుగా పాతిపెట్టాలి, దాణా డబ్బాలు మూత వేసి ఉంచాలి. దాణాకు ఎలుకలు, ఎలుకలకు కయోటీలు.

పెద్దాయన దూడ ఒకటి చచ్చినప్పుడు కూడా నింద కయోటీలకే వెళ్లింది. వెళ్లి చూస్తే వెనక తొడలు, తోక, చెవులు అడ్డదిడ్డంగా చీరేసి ఉన్నాయి. మెడ మీద గాటు లేదు. కయోటీ సాధారణంగా గొంతు పట్టుకుంటుంది. ఇలా చీల్చి వదిలేసేవి ఎక్కువగా ఊరకుక్కలు, లేదా రాత్రి గొలుసు విప్పి వదిలిన ఇంటి కుక్కలు. ఆయన ఒప్పుకోలేదు గాని ఆ వారమే తన దొడ్డికి కంచె బాగుచేయించారు.

ఐదుకు నాలుగు చుక్కలు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది ఎర్తింగ్ మీద రెండు వాక్యాలు రాసినందుకు, వోల్ట్‌మీటర్ పెట్టెలో ఇవ్వనందుకు. అది విడిగా కొనాలి. అది 4,000 కంటే తక్కువ చూపిస్తే నేను మేకలను ఆ రాత్రి కొట్టంలోనే కట్టేస్తాను. కొమ్ముల మేకలున్నవారు, వారానికోసారి కూడా కంచె చుట్టూ నడిచే తీరిక లేనివారు దీని జోలికి పోకుండా అల్లిన ఇనుప తీగ కంచె వేయించుకోండి. ఖర్చు చాలా ఎక్కువే, కానీ దానికి కరెంటు అక్కరలేదు.